నార్స్ జానపద సాహసక్రీడలు – పట్టిసీమ ఐతిహ్యం: ఒక తులనాత్మక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

21వ శతాబ్దపు రెండవ దశకం నుండి స్వీడన్, నార్వే దేశాల జానపద విశ్వాసాలను ఆధారం చేసుకొని అనేక సాహస వీడియో గేమ్‌లు వెలువడ్డాయి. మంచు, అడవి, నిశ్శబ్దం, స్థలాన్ని అంటిపెట్టుకొన్న అతిమానుష శక్తులు వాటిలోని వాతావరణానికి మూలాలు. ఇటువంటి క్రీడలు ఏ చారిత్రక పరిస్థితులలో సాధ్యమయ్యాయో ఈ వ్యాసం మొదట వివరిస్తుంది. తరువాత గోదావరి తీరంలోని పట్టిసీమను కేంద్రంగా తీసుకొని, క్షేత్ర ఐతిహ్యం, వైకుంఠపాళి, కాశీమజిలీ కథలు అనే మూడు రూపాలలో ఆటకు, కథకు ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది. తెలుగువారి ఆటపటం పురాణాన్ని స్వీకరించి స్థానిక జానపదాన్ని విడిచిపెట్టిందనీ, ఆ విడిచిన భాగానికి ఆధారమైన పాపికొండల గ్రామాలు ఇప్పుడు జలాశయంలో మునిగిపోతున్నాయనీ నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: జానపదం, ఐతిహ్యం, పట్టిసీమ, వీరభద్రుడు, వైకుంఠపాళి, కాశీమజిలీ, కొండరెడ్లు, వీడియో గేమ్, పోలవరం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'ఆడు' అనే ధాతువుకు విస్తృతమైన అర్థపరిధి ఉంది. పిల్లలు గోలీలాడతారు, కళాకారులు భాగోతం ఆడతారు, సత్యవంతుడు ఆడిన మాట తప్పడు, గణాచారి పూనకంలో ఆడుతుంది. క్రీడ, ప్రదర్శన, పలుకు, పూనకం అనే నాలుగు వేరువేరు వ్యాపారాలను భాష ఒకే క్రియతో వ్యవహరించింది. తోలుబొమ్మలాట, పేకాట, కోలాటం వంటి సమాసాలలో 'ఆట' ఉత్తరపదంగా నిలిచింది. కనుక తెలుగువారి ఆటల చరిత్రను కేవలం వినోదచరిత్రగా వ్రాయడానికి భాషే అంగీకరించదు. ఆటలో కథ, కథలో నియమం, నియమంలో విశ్వాసం పెనవేసుకొని ఉన్నాయి.

ఈ పెనవేతను నేటి ప్రపంచంలో మళ్ళీ ముందుకు తెచ్చినవి సాహస వీడియో గేమ్‌లు. వాటిలో నార్స్ జానపదాన్ని ఆశ్రయించినవి ప్రత్యేకంగా పరిశీలించదగినవి. వాటిని ఆడేవాడు శత్రువులను సంహరించి అంకెలు పెంచుకోడు. తెలియని అడవిలో నెమ్మదిగా నడుస్తాడు, గుర్తులను చదువుతాడు, ఎదురైన ప్రాణి ఏమి కోరుతున్నదో గ్రహిస్తాడు. తెలుగు పాఠకునికి ఈ అనుభవం పూర్తిగా కొత్తది కాదు. నావలో గోదావరి దాటి, దేవకూట పర్వతమెక్కి, ఆ కొండకు ఆ పేరెందుకు వచ్చిందో పెద్దల నోట విన్న యాత్రికునికి దీనితో దగ్గరి పోలిక కనిపిస్తుంది.

2. పురాణం – జానపదం: నార్స్ సంప్రదాయంలోని భేదం:

నార్స్ సంప్రదాయాన్ని చర్చించేటప్పుడు రెండు పొరలను వేరు చేయాలి. మొదటిది ఓడిన్, థోర్, లోకి మొదలైన దేవతల పురాణం. దీనికి ప్రధాన ఆధారాలు ఐస్లాండ్‌లో గ్రంథస్థమైన ఎడ్డాలు. వాటిలో గద్య ఎడ్డాను 13వ శతాబ్దంలో స్నోర్రి స్టుర్లుసన్ రచించాడు. రెండవది క్రైస్తవం స్థిరపడిన తరువాత కూడా గ్రామీణ జీవితంలో నిలిచిన జానపద విశ్వాసం. వంతెన కింది ట్రోల్, పశువులశాలను కాపాడే టోమ్టె, అడవిలో మనుషులను మోహపెట్టే హుల్డ్రా, నీటి ఒడ్డున ఫిడేలు వాయిస్తూ మనుషులను ముంచే నెక్కెన్, నామకరణం లేకుండా విడువబడిన శిశువుల ఆత్మలైన మైలింగులు ఈ రెండవ పొరకు చెందినవి. దేవతలకు లోకాలున్నాయి. వీటికి మాత్రం ఒక వాగు, ఒక గుట్ట, ఒక చర్చి ప్రాంగణం ఉన్నాయి.

వీడియో గేమ్‌లు ఈ రెండు పొరలనూ వాడుకొన్నాయి. 2018లో వెలువడిన 'గాడ్ ఆఫ్ వార్' మొదటి పొరను ఆశ్రయించిన యుద్ధప్రధాన క్రీడ. ప్రస్తుత చర్చకు ముఖ్యమైనవి రెండవ పొరను ఆశ్రయించినవి. స్వీడన్‌లోని మాల్మో నగరానికి చెందిన సిమోగో సంస్థ 2013లో 'ఇయర్ వాక్' విడుదల చేసింది. 2016లో ఓస్లోకు చెందిన ఆంటగొనిస్ట్ సంస్థ 'త్రూ ది వుడ్స్' వెలువరించింది. 2020లో ఇంగ్లండుకు చెందిన పాలిగన్ ట్రీహౌస్ 'రోకి'ని, 2023లో స్వీడన్‌కు చెందిన డిమ్‌ఫ్రాస్ట్ స్టూడియో 'బ్రాంబుల్: ది మౌంటెన్ కింగ్'ను అందించాయి.

ఈ నాలుగింటిలో మూడింటి కథాసూత్రం ఒకటే. ఆత్మీయులొకరు అడవికి లేదా అతిమానుష లోకానికి అపహృతులవుతారు, బంధువు వెదుకుతూ బయలుదేరుతారు. 'త్రూ ది వుడ్స్'లో తల్లి కుమారుణ్ణి వెదుకుతుంది. 'రోకి'లో టోవె అనే బాలిక తమ్ముడు లార్స్ కోసం వెళుతుంది. 'బ్రాంబుల్'లో ఓల్లె అనే బాలుడు అక్క లిల్లెమోర్ కోసం వెళతాడు. 'రోకి'లో వంతెన కింది ట్రోల్ శరీరంలో కత్తి దిగి ఉంటుంది. దానిని తీసి బాధను తొలగించడమే ముందుకు సాగే మార్గం. బలంతో కాక ఎదుటి ప్రాణి చరిత్రను తెలుసుకోవడంతో దారి తెరుచుకోవడం ఈ క్రీడల విశేషం.

నాల్గవదైన 'ఇయర్ వాక్' ఒక ఆచారాన్ని క్రీడగా మలచింది. స్వీడిష్‌లో 'ఓర్స్‌గోంగ్' అని పిలిచే ఈ ఆచారానికి సంబంధించిన కథనాలు 17వ శతాబ్దం నుండి లభిస్తున్నాయి. క్రిస్మస్ ముందు రాత్రి లేదా సంవత్సరాంతపు రాత్రి ఒక వ్యక్తి ఆహారం మాని, నిప్పును చూడక, ఎవరితో మాట్లాడక, అర్ధరాత్రి చర్చి దాకా నడుస్తాడు. దారిలో ఎదురయ్యే శక్తులకు లొంగకుండా నడక పూర్తి చేస్తే రాబోయే ఏడాదిలో గ్రామంలో సంభవించే మరణాలు, పంటల స్థితి అతనికి కనిపిస్తాయని విశ్వాసం. ఉపవాసం, మౌనం, జాగరణ, నడక, ఫలశ్రుతి అనే ఈ క్రమాన్ని మహాశివరాత్రి జాగరం తెలిసిన తెలుగు పాఠకునికి విడమరచి చెప్పనక్కరలేదు. వ్రతానికి నియమాలు ఎంత అవసరమో క్రీడకు కూడా నియమాలు అంతే అవసరం. అందువల్లనే ఆచారం క్రీడగా మారడానికి అనువైనది.

3. సేకరణ నుండి క్రీడ దాకా: శతాబ్దిన్నర సన్నాహం:

ఈ క్రీడలు కొందరు రూపకర్తల ఊహాశక్తితో మాత్రమే పుట్టలేదు. వాటి వెనుక దాదాపు నూట డెబ్బై ఏళ్ళ సేకరణ, చిత్రణ, భాండాగార నిర్మాణం ఉన్నాయి. నార్వేలో ఆస్‌బ్యోర్న్‌సెన్, మో అనే మిత్రద్వయం జానపద కథలను సేకరించి 1841 నుండి ప్రకటించారు. ఆస్‌బ్యోర్న్‌సెన్ హుల్డ్రా సంబంధమైన ఐతిహ్యాలను 1845లో ప్రత్యేక సంపుటంగా ప్రారంభించాడు. తరువాతి తరంలో నార్వే చిత్రకారుడు థియొడోర్ కిట్టెల్సెన్, స్వీడన్ చిత్రకారుడు జాన్ బౌవర్ ఈ శక్తులకు రూపమిచ్చారు. 1907లో ప్రారంభమైన ఒక వార్షిక కథాసంకలనానికి బౌవర్ వేసిన బొమ్మలలోని చీకటి అడవి, నాచుపట్టిన రాళ్ళవంటి ట్రోల్‌లు నేటి క్రీడలలోని దృశ్యాలకు పూర్వరూపాలు. 1914లో ఓస్లోలో జాతీయ జానపద భాండాగారం ఏర్పడింది. 1958లో రైదర్ క్రిస్టియన్సెన్ నార్వే సంచార ఐతిహ్యాలకు వర్గీకరణ సూచిని ప్రకటించాడు.

అంటే కథకుని నోటినుండి సేకర్త కాగితానికి, కాగితంనుండి చిత్రానికి, చిత్రంనుండి తెరకు కథ ప్రయాణించింది. 'ఇయర్ వాక్'కు అనుబంధంగా సిమోగో ఒక చిన్న విజ్ఞానకోశాన్ని కూడా ఇచ్చింది. హుల్డ్రా, వాగుగుర్రం, మైలింగులు, రాత్రికాకి, చర్చిగ్రిమ్ అనే శక్తుల వివరాలు అందులో ఉన్నాయి. క్రీడలోని నిజమైన ముగింపును చేరాలంటే ఆ కోశాన్ని కూడా తెరవాలి. జానపద పరిశోధన ఇక్కడ క్రీడకు ఉపోద్ఘాతంగా మిగలక, క్రీడలో ఒక మెట్టుగా మారింది. పరిశోధకులు గమనించవలసిన అంశమిది.

4. పట్టిసీమ: నదిపై పరచిన ఐతిహ్యం:

పోలవరానికి సమీపంలో గోదావరి మధ్య దేవకూట పర్వతంపై పట్టిసీమ క్షేత్రం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఏలూరు జిల్లాలో చేరింది. కొండపై వీరభద్రస్వామి ప్రధాన దైవం. భావనారాయణస్వామి క్షేత్రపాలకుడు. శైవ వైష్ణవ దైవాలు ఒకే కొండపై ఇలా కలిసి ఉండడం క్షేత్రవిశేషం. మహాశివరాత్రికి యాత్రికులు నావలపై నది దాటి తీర్థానికి చేరుకొంటారు.

క్షేత్ర ఐతిహ్యం దక్షయజ్ఞ కథకు ఉత్తరభాగం. దక్షుని శిరస్సును ఖండించిన వీరభద్రుడు 'పట్టిసం' అనే ఆయుధాన్ని ఇక్కడి గోదావరిలో కడిగాడనీ, ఆ కారణంగా కొండకు పట్టిసాచలమని పేరు వచ్చిందనీ చెబుతారు. అప్పటికీ చల్లారని ఆయన ఉగ్రతను అగస్త్యుడు కౌగిలించి శాంతింపజేశాడనీ, ఆ చేతుల గుర్తులు లింగంపై నిలిచాయనీ మరొక ఐతిహ్యం.

ఈ కథను పట్టిసీమకే పరిమితం చేసి చదివితే ఇది ఒక స్థలనామ వ్యుత్పత్తి మాత్రమే. నది వెంట చదివితే దాని నిర్మాణం బయటపడుతుంది. దక్షయజ్ఞం జరిగిన చోటుగా ప్రజలు చూపేది డెల్టాలోని ద్రాక్షారామం. వృద్ధగౌతమి తీరంలోని మురమళ్ళలో యజ్ఞధ్వంసానంతరం వీరభద్రునికి భద్రకాళితో వివాహం జరిపి శాంతింపజేశారని ఐతిహ్యం. అక్కడి నిత్యకల్యాణం ఆ కథ ఆధారంగానే సాగుతున్నది. డెల్టా ముగిసి కొండలు మొదలయ్యే చోట, అదే ఉగ్రతకు పట్టిసీమ మరొక శాంతిని కల్పించింది. ఒక కథకు ఒక ఆరంభం, రెండు వేరువేరు ముగింపులు ఏర్పడ్డాయి. మురమళ్ళ ముగింపు గృహస్థధర్మానికి సంబంధించినది, పట్టిసీమ ముగింపు ఋషికి, నదికి సంబంధించినది. రెండింటిలో ఏది ప్రామాణికమనే ప్రశ్నను సంప్రదాయం వేయలేదు. యాత్రికుడు ఏ రేవులో దిగితే ఆ ముగింపును అందుకొంటాడు. సాహసక్రీడలలో ఆటగాడు ఎంచుకొన్న దారినిబట్టి ముగింపు మారడం వంటిదే ఈ ఏర్పాటు.

ఈ ఐతిహ్యానికి చారిత్రక నేపథ్యం లేకపోలేదు. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్రాక్షారామ క్షేత్రమాహాత్మ్యాన్ని భీమేశ్వరపురాణంగా రచించాడు. కాశీఖండాన్ని రాజమహేంద్రవర రెడ్డిరాజైన వీరభద్రారెడ్డికి అంకితం చేశాడు. పాలకుని పేరే ఈ దైవానికి ఆ కాలంలో ఉన్న ప్రతిష్ఠను సూచిస్తున్నది. సంస్కృత పురాణ కథ, రాజాదరణ, స్థానిక నదీ భూగోళం మూడూ కలిసి పట్టిసీమ కథను నిలబెట్టాయి.

వీరనాట్యం ఈ కథకు ప్రదర్శన రూపం. వీరణం మోతకు అనుగుణంగా సాగే అడుగులు, ఖడ్గాలు చదవడం, నారసాలు గుచ్చుకోవడం, ప్రభలు ఎత్తడం అందులోని అంగాలు. ఆడేవాడు వీరభద్రుని పాత్రను అభినయించడంతో ఆగడు, కొంతసేపు ఆ ఉగ్రతను తన శరీరంపై మోస్తాడు. చూసేవారు కేకలతో, హారతులతో దానిలో భాగస్వాములవుతారు. 'ఆట' అనే మాటకు ఉన్న క్రీడ, ప్రదర్శన, పూనకం అనే మూడు అర్థాలూ ఇక్కడ ఒకేచోట కలుస్తాయి.

5. వైకుంఠపాళి: నియమంగా మారిన పురాణం:

తెలుగువారి ఆటల ప్రస్తావనలు కావ్యాలలో విరివిగా ఉన్నాయి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర, క్రీడాభిరామం, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి ఇందుకు ముఖ్య ఆకరాలు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి ఇటువంటి కావ్యసాక్ష్యాలతోనే ఆటల చరిత్రను పునర్నిర్మించాడు. పచ్చీసు, వామనగుంటలు, పులిజూదం వంటి ఆటలలో నేర్పు, అదృష్టం ప్రధానం. కథను ఆధారంగా చేసుకొన్న ఆటపటం వైకుంఠపాళి. దీనికే పరమపదసోపానపటమని మరొక పేరు.

ఈ ఆట తెలుగునాటికి మాత్రమే పరిమితమైనది కాదు. పశ్చిమ భారతంలో జ్ఞానచౌపడ్ అని, మహారాష్ట్రలో మోక్షపటమని ఇది ప్రసిద్ధం. జైనుల పటంలో 84 గళ్ళు, వైష్ణవుల పటంలో 72 గళ్ళు కనిపిస్తాయి. 13వ శతాబ్దపు జ్ఞానేశ్వరుడు దీనిని రూపొందించాడన్నది ఒక విశ్వాసం. దానికి సమకాలీన ఆధారం లేదు. లభిస్తున్న చిత్రపటాలలో అధికభాగం 18, 19 శతాబ్దాలవి. ఆండ్రూ టాప్స్‌ఫీల్డ్ 1985లో ప్రకటించిన పరిశోధన ఈ పటాల వర్గీకరణకు పునాది వేసింది. తెలుగు, తమిళ ప్రాంతాల ముద్రిత పటాలలో 132 గళ్ళ పటం ప్రసిద్ధమైనది. పై వరుసలకు చేరువలో అరుకాసురుడనే మహాసర్పం ఉంటుంది. దాని నోట పడినవాడు అడుగు వరుసలలోని జంతుజన్మకు జారతాడు. నిచ్చెనల మొదట భక్తి, నిష్ఠ, జ్ఞానం వంటి గుణాలు, చివర పుణ్యలోకాలు ఉంటాయి. ముక్కోటి ఏకాదశి, శివరాత్రి జాగరాలలో నిద్రను ఆపుకోవడానికి ఇంటిల్లిపాదీ ఈ ఆట ఆడేవారు. వ్రతనియమంలో ఆట ఒక భాగమైంది.

19వ శతాబ్దాంతంలో ఈ పటం ఇంగ్లండు చేరింది. 1892లో లండన్‌లోని ఎఫ్.హెచ్. ఏయర్స్ దీనికి హక్కుపత్రం పొందాడు. అక్కడి తొలి పటాలలో భక్తిజ్ఞానాల స్థానంలో పొదుపు, శ్రమ, పశ్చాత్తాపం వంటి విక్టోరియా యుగపు సద్గుణాలు చేరాయి. క్రమంగా అవికూడా తొలగిపోయి పాములు, నిచ్చెనలు, అంకెలు మాత్రమే మిగిలాయి. ఈ కథారహిత రూపం మళ్ళీ భారతదేశానికి తిరిగివచ్చి పాఠశాలల్లో, ఇళ్ళలో స్థిరపడింది. ఒక ఆట తన కథను కోల్పోయినా నియమాలు యథాతథంగా కొనసాగగలవని ఈ చరిత్ర చెబుతున్నది. నార్స్ క్రీడలది దీనికి విరుద్ధమైన ప్రయాణం. అక్కడ కొత్త సాంకేతిక మాధ్యమం పాత కథను వెదుక్కొంటూ వెళ్ళింది.

వైకుంఠపాళిలో మరొక పరిమితి ఉంది. దాని గళ్ళలో తక్షకుడు, ఇంద్రలోకం, గోలోకం ఉంటాయి. పోచమ్మ, పేరంటాలు, కొండదేవత ఉండవు. కాశీలోనైనా కాకినాడలోనైనా ఒకే విధంగా ఆడదగిన పటం కావాలంటే అందులో ఏ ఊరి గుట్టా, ఏ వాగూ ఉండరాదు. పురాణం ఎక్కడికైనా ప్రయాణించగలదు. జానపదం తన స్థలాన్ని విడిచి రాలేదు. నార్స్ సంప్రదాయంలో గమనించిన రెండు పొరల భేదమే ఇక్కడా కనిపిస్తున్నది. తెలుగు ఆటపటం మొదటి పొరను మాత్రమే స్వీకరించింది.

6. కాశీమజిలీ: అన్వేషణగా మారిన కథనం:

స్థలాన్ని, అన్వేషణను ప్రధానం చేసిన కథనరూపం గోదావరి తీరంలోనే మరొకటి ఏర్పడింది. రాజమహేంద్రవరంలో నివసించిన మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) పన్నెండు సంపుటాలలో కాశీమజిలీ కథలను రచించాడు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతూ గోపుడనే పశువులకాపరి బాలుణ్ణి తోడు తీసుకొంటాడు. మజిలీకొక కథ చెప్పాలన్నది గోపుని షరతు. ప్రతి మజిలీలో గోపుడు ఊరు తిరిగి ఏదో ఒక వింతను చూస్తాడు. అది ఒక శిథిలమో, శిల్పమో, అర్థంకాని వ్రాతో కావచ్చు. యతి తన మణి మహిమతో దాని వెనుక చరిత్రను గ్రహించి వివరిస్తాడు. వింత తీరనిదే మజిలీ ముగియదు.

సాహసక్రీడ నిర్మాణం సరిగ్గా ఇదే. తెలియని చోట సంచారం, అసాధారణ వస్తువు దర్శనం, దాని పూర్వకథ ఆవిష్కరణ, తరువాతి చోటికి గమనం అనే వలయం రెండింటిలోనూ సమానం. 'రోకి'లోని బాలిక వంతెన వద్ద ఆగి ట్రోల్ గాయాన్ని గమనించడానికి, గోపుడు ఒక మజిలీలో ఆగి ప్రశ్న అడగడానికి స్వభావభేదం లేదు. ఇద్దరూ పిల్లలు, ఇద్దరికీ కుతూహలమే ఆయుధం. భేదం మాధ్యమంలో ఉంది. గోపుడు ప్రశ్నించి వింటాడు, ఆటగాడు ప్రశ్నను తన చేతులతో పరిష్కరిస్తాడు.

అపహృతులైనవారి కోసం బంధువు చేసే అన్వేషణకు తెలుగులో ప్రసిద్ధమైన ఉదాహరణ బాలనాగమ్మ కథ. మాయల ఫకీరు అపహరించిన తల్లికోసం కుమారుడు బాలవర్ధిరాజు బయలుదేరి, ఏడు సముద్రాల ఆవల చిలుకలో దాచిన ఫకీరు ప్రాణాన్ని సాధిస్తాడు. బుర్రకథగా, సురభివారి నాటకంగా, 1942లో జెమినీవారి చలనచిత్రంగా ఇది విస్తరించింది. కాశీమజిలీ ప్రభావం 1951 నాటి పాతాళభైరవిలో కనిపిస్తుంది. 20వ శతాబ్దపు తొలి ఆరు దశకాలలో తెలుగు రంగస్థలం, తెలుగు తెర జానపదాన్ని ఆత్మీయంగా స్వీకరించాయి. ఆటపటం, తరువాత వచ్చిన వీడియో గేమ్ ఆ బాటలో నడవలేదు. 2020లో పుణెలోని నాడింగ్ హెడ్స్ సంస్థ వెలువరించిన 'రాజీ'లో అక్క తమ్ముని కోసం రాక్షసులతో పోరాడుతుంది, నడుమ కథాభాగాలు తోలుబొమ్మల నీడల రీతిలో సాగుతాయి. అయితే అది కూడా దుర్గ, విష్ణువుల పురాణ పొరనే ఆశ్రయించింది.

7. మునుగుతున్న పొర:

పట్టిసీమకు ఎగువన గోదావరి పాపికొండల మధ్య ఇరుకుగా ప్రవహిస్తుంది. ఆ ఇరుకు ముఖద్వారంలో గండి పోచమ్మ వెలసింది. 'గండి' అనే మాటలోనే స్థలం, ప్రమాదం, దైవం కలిసి ఉన్నాయి. ఎగువకు వెళ్ళే నావలు అక్కడ ఆగి మొక్కుకొని సాగడం ఆచారం. నెక్కెన్ కాపలా కాసే నీటి ఒడ్డుకు ఇది తెలుగు ప్రతిరూపం. అయితే నెక్కెన్ ముంచుతాడు, పోచమ్మ దాటిస్తుంది. మరికొంత ఎగువన కొండరెడ్ల గ్రామమైన పేరంటాలపల్లి ఉంది. గృహస్థురాలిగా మరణించి దైవత్వం పొందిన స్త్రీని తెలుగు పల్లెలు పేరంటాలుగా కొలుస్తాయి. ఊరి పేరే ఒక కథకు శీర్షికలా నిలిచింది.

కొండరెడ్లను గురించి సమగ్రమైన తొలి గ్రంథం క్రిస్టొఫ్ ఫన్ ఫ్యూరర్-హైమెన్‌డోర్ఫ్ 1945లో ప్రకటించిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్'. పోడు సేద్యం, జీలుగు చెట్టుపై ఆధారపడిన జీవనం, కొత్త పంటను, కొత్త పండును దేవతకు నివేదించనిదే ముట్టరాదనే నియమం అందులో నమోదయ్యాయి. మైదాన ప్రాంతంలో నేదునూరి గంగాధరం గోదావరి మండలపు జానపద గేయాలను సేకరించి మిన్నేరు, సెలయేరు, మున్నీరు వంటి సంపుటాలు వెలువరించాడు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసం విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ అధ్యయనానికి మార్గం వేసింది. ఈ కృషిలో గేయానికి లభించిన ప్రాధాన్యం స్థలబద్ధమైన చిన్న ఐతిహ్యానికి లభించలేదు. పాటకు పాఠం ఉంది, దానిని వ్రాసుకోవచ్చు. 'ఈ మలుపులో రాత్రిపూట ఈల వేయరాదు' వంటి నమ్మకానికి ఆ మలుపు తప్ప పాఠం లేదు. నార్స్ క్రీడలకు ముడిసరుకు అయినది సరిగ్గా ఈ రెండవ రకం సామగ్రి.

ఆ మలుపులే ఇప్పుడు నీటి కిందికి పోతున్నాయి. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. లక్షకు పైగా కుటుంబాలు నిర్వాసితమవుతాయని ప్రభుత్వ లెక్కలు. వారిలో కొండరెడ్లు, కోయలు గణనీయంగా ఉన్నారు. వరదకాలంలో గండి పోచమ్మ ఆలయం నీట మునగడం ఇటీవలి సంవత్సరాలలో పరిపాటి అయింది. పట్టిసీమ సమీపంలో 2015లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకంలోని 24 పంపులు గోదావరి నీటిని పోలవరం కుడికాలువ ద్వారా కృష్ణకు చేరుస్తున్నాయి. దిగువ పొలాలకు ఆ నీటి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. పునరావాస చట్టాలు ఇంటికి, పొలానికి, చెట్టుకు వెల కడతాయి. కథకు వెల కట్టే పద్దు వాటిలో లేదు. కొత్త కాలనీకి తరలిన కుటుంబం తన దేవత విగ్రహాన్ని వెంట తీసుకొని వెళ్ళగలదు. గండిని తీసుకొని వెళ్ళలేదు.

8. హక్కు – అనుమతి:

కథలను సేకరించి క్రీడగా మార్చడమే పరిష్కారమని అనుకోవడం తొందరపాటు. అవి ఎవరి కథలు, ఎవరి అనుమతితో ఆడాలి అనే ప్రశ్న ముందు తేలాలి. దీనికి అలాస్కాలో ఒక పూర్వోదాహరణ ఉంది. 2014లో వెలువడిన 'నెవర్ అలోన్' అనే సాహసక్రీడను అక్కడి ఇనుపియాట్ ప్రజల భాగస్వామ్యంతో, కుక్ ఇన్లెట్ గిరిజన మండలి ఆధ్వర్యంలో రూపొందించారు. రాబర్ట్ క్లీవ్‌లాండ్ అనే కథకుడు చెప్పిన కథను వాడుకోవడానికి ఆయన కుమార్తె అనుమతి తీసుకొన్నారు. కథనం వారి భాషలోనే సాగుతుంది. పెద్దల మాటలు చిన్న చలనచిత్రాలుగా క్రీడలో చేరాయి. ఇక్కడ జానపదం వర్ణమయమైన అలంకారంగా కాక ఆస్తిగా, వారసత్వంగా గుర్తింపు పొందింది.

గోదావరి కొండల కథల విషయంలో ఇదే క్రమాన్ని పాటించాలి. ముందుగా సేకరణ, అదికూడా స్థలాన్ని గుర్తించి, చెప్పినవారి పేరును వారి సమ్మతితో నమోదుచేసి జరగాలి. ఆ తరువాతనే పటమైనా, తెరైనా. ఊరు మునిగిన తరువాత చేసే సేకరణలో కథ దొరకవచ్చు గాని, అది ఏ రాయిని చూపుతూ చెప్పిన కథో దొరకదు. కనుక ఈ పనికి గడువు ఉంది.

9. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

1. నార్స్ జానపద సాహసక్రీడల వాతావరణం దేవతాపురాణం నుండి కాక, స్థలాన్ని అంటిపెట్టుకొన్న గ్రామీణ విశ్వాసం నుండి వచ్చింది. 1841 నాటి కథాసేకరణ నుండి 1914 నాటి భాండాగారం దాకా సాగిన కృషి వాటికి పునాది.

2. పట్టిసీమ, ద్రాక్షారామం, మురమళ్ళ ఐతిహ్యాలను కలిపి చదివినప్పుడు వీరభద్రుని కథ గోదావరి వెంట పరచుకొన్న ఒక పటంగా కనిపిస్తుంది. దానికి ఒకటికంటే ఎక్కువ ముగింపులున్నాయి.

3. వైకుంఠపాళి పురాణాన్ని నియమంగా మార్చింది. ఎక్కడైనా ఆడదగిన పటం కావడంకోసం స్థానిక జానపదాన్ని విడిచిపెట్టింది. ఇంగ్లండు చేరినప్పుడు తన పురాణాన్ని కూడా కోల్పోయింది.

4. కాశీమజిలీ కథల నిర్మాణంలో సాహసక్రీడకు కావలసిన అన్వేషణ వలయం సిద్ధంగా ఉంది. తెలుగు కథనసంప్రదాయం ఈ మాధ్యమానికి పరాయిది కాదు.

5. తెలుగు ఆటపటం విడిచిపెట్టిన స్థలబద్ధ ఐతిహ్యం పాపికొండల గ్రామాలలో నిలిచి ఉంది. జలాశయం నిండేలోపు, ఆ ప్రజల సమ్మతితో, స్థలనిర్దేశంతో దానిని నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.

వైకుంఠపాళిలో పాము మింగినవాడు కిందికి జారినా ఆటలోనే ఉంటాడు, మళ్ళీ గవ్వలు వేసి పైకి రాగలడు. నీట మునిగిన మలుపుకు ఆ అవకాశం లేదు. పట్టిసీమ రేవులో శివరాత్రికి నావలు ఇంకా కదులుతున్నాయి. ఆ కొండ ఎక్కే యాత్రికునికి పట్టిసం కథ చెప్పేవారు ఇంకా ఉన్నారు. ఎగువ కొండల కథలు చెప్పేవారు కాలనీలలో ఉన్నారు. వారి వద్దకు వెళ్ళవలసిన మజిలీ మాత్రం పరిశోధకులదే.